అయిదో గ్లాసు

అతనికి వాసన తెలియదని మా కంపెనీలో మొదట కనిపెట్టింది నేనే. కనిపెట్టాక ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. జాలిపడి కాదు. సమయం కోసం.

మా కంపెనీ ముంబైలో, వర్లి వైపు, ఒకప్పుడు బట్టల మిల్లు ఉన్న ఆవరణలో ఉంది. బిస్కెట్లకీ ఐస్‌క్రీములకీ షర్బత్తులకీ వేసే ఎసెన్సులు తయారుచేస్తాం. బీయస్సీ చదివినా నేను మొదట అక్కడ సీసాలు కడిగే పనిలోనే చేరాను. తర్వాత ఎసెన్సులు కలిపే బల్ల దగ్గరికి వచ్చాను. కలిపినదాన్ని వాసన చూసి బాగోగులు తేల్చడానికి ఆరుగురు మనుషులుంటారు. ఆ గుంపుని ప్యానెల్ అంటారు. దానికి పెద్ద అతను. యాభై దాటిన మనిషి. చొక్కా ఎప్పుడూ నలిగేది కాదు, గొంతు ఎప్పుడూ లేచేది కాదు. సన్నటి కాగితపు పట్టీని ఎసెన్సులో ముంచి, ముక్కు కింద ఒకసారి ఆడించి, "మామిడి వచ్చింది కానీ తొడిమ దగ్గరి జిగురు రాలేదు" అనేవాడు. మళ్ళీ కలిపి చూస్తే ఆ మాటే నిజమయ్యేది. ఆ రోజుల్లో అతనంటే నాకు భక్తి. ఇది దాచను. అతనిలా వాసన చూడాలని ఇంట్లో కాగితాలు సన్నగా కత్తిరించుకుని పోపుల డబ్బా ముందు కూర్చునేదాన్ని.

నాకు ముక్కు అమ్మ నుంచి వచ్చింది. మేం కామాటిపురలో ఒక చాల్‌లో మూడో అంతస్తులో ఉంటాం. ఒకే వరండా మీద పదకొండు గదులు, చివర ఒక నల్లా. మెట్లెక్కుతూనే అమ్మ ఏ గదిలో ఏం ఉడుకుతోందో, ఎవరి నూనె పాతబడిందో చెప్పేది. నాన్న గోడలకి సున్నం కొట్టే పని చేసేవాడు. ఇంటి ముందు డ్రమ్ములో సున్నం నానబెడితే అమ్మ వంగి ఒకసారి వాసన చూసి, "ఇంకో పూట నాననియ్యి" అనేది. నాన్న మారుమాట్లాడకుండా ఆగేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మెట్ల పక్క గోడలో ఆయన చేతి సున్నం ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది.

కరోనా రోజుల్లో అతను చాలా వారాలు జబ్బుపడి, బాగా చిక్కి తిరిగొచ్చాడు. కంపెనీ మళ్ళీ గాడిన పడ్డాక ఒక శుక్రవారం సాయంత్రం ప్యానెల్‌నీ, కలిపే బల్ల దగ్గర పనిచేసే మమ్మల్నీ ఫోర్ట్ వైపు ఒక వైన్ బార్‌కి తీసుకెళ్ళాడు. వైన్ అంటే మా పేటలో ఇనప కడ్డీల వెనక నుంచి సీసాలు అందించే దుకాణమే నాకు తెలుసు. ఇది అలాంటిది కాదు. ఒకే ఒక్క గది. పొడుగాటి చెక్క కౌంటర్, దాని ముందు ఎత్తు స్టూళ్ళు. గోడ మీద నల్లబోర్డు, దాని మీద ఆ రోజు గ్లాసు చొప్పున పోసే వైన్ల పేర్లు సుద్దతో రాసి ఉన్నాయి. సీసా మొత్తం కొనక్కర్లేదు, ఒక్కో గ్లాసులో రెండు గుక్కలు పోయించుకుని రుచి చూడొచ్చు. కౌంటర్ వెనక ఒక మరాఠీ ఆమె, నలభై ఏళ్ళుంటాయి, ప్రతి సీసా బిరడా తీయగానే మూతి దగ్గర ముక్కు పెట్టి చూసి గానీ పోయడం లేదు. ఆ పద్ధతి నాకు చూడగానే నచ్చింది.

అతను మధ్యలో నిలబడ్డాడు. "ఇక్కడ తప్పూ ఒప్పూ లేదు. ముక్కుకి ఏది తోస్తే అది చెప్పండి. ముందు మీరు, తర్వాత నేను" అన్నాడు.

మొదటి గ్లాసుకి ఒకరు నిమ్మ అన్నారు, ఒకరు పచ్చి ఆపిల్ అన్నారు. రెండోది కూడా తెల్ల వైనే. నా వంతు వచ్చింది. గ్లాసులోకి వంగాను. ఒక్క క్షణం నేను ఫోర్ట్‌లో లేను, మా మెట్ల దగ్గర ఉన్నాను.

"తడి సున్నం. కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన."

కౌంటర్ వెనక ఆమె సీసా దించి నా వైపు చూసింది. "బరోబర్" అంది మరాఠీలో, తల ఊపుతూ. సరిగ్గా చెప్పావని. నాకు ఒళ్ళు పులకరించింది. ఆమె తల ఊపడం అతనూ చూశాడు.

"మీరుండేది ఎక్కడ?" అని అడిగాడు నన్ను.

"కామాటిపుర."

అతను చిరునవ్వు నవ్వాడు. గొంతు పెంచలేదు. "అయితే మేడమ్‌కి ఈ పద్ధతి కొత్త కాదు. ఇక్కడ గ్లాసు లెక్కన, అక్కడ గంట లెక్కన. గోడల వాసన కూడా తెలిసిందంటే ఏ గల్లీ మేడమ్ మీది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ రోజుకీ నన్ను కాల్చేది అతని మాట కాదు, నా నవ్వు. నా నోరు నా మాట వినకుండా నవ్వింది.

ఈ ఊరికి రాళ్ళు మోసి, గోడలు లేపిన కామాటీల పేరే మా పేటకి పెట్టారు. మా ముత్తాత పాలమూరు నుంచి వచ్చి ఆ పనే చేశాడు. ఆ సంగతి ఎవడికీ గుర్తుండదు, ఒళ్ళమ్ముకునే గల్లీలే గుర్తుంటాయి. కామాటిపుర అనగానే మగవాళ్ళ కళ్ళలో ఒక మెరుపు, ఆడవాళ్ళ మొహంలో ఒక ముడుచుకోవడం. ఆ గల్లీల ఆడవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళలో ఒకామె చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని రోజూ బడికి రోడ్డు దాటించేది. అతను ఆ ఒక్క మాటతో నన్నూ ఆమెనీ కలిపి ఉమ్మేశాడు.

ఆ రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరేలోపు గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట సోపు కొని నమిలాను. గడప దాటకముందే అమ్మ తల ఎత్తింది.

"గదేం వాసన?"

"సోపు అమ్మా."

"సోపు సరే. దాని కింద?"

"ఆఫీసోళ్ళు తీస్కవొయిండ్రు. వైన్ ఇంత ఇంత పోసిండ్రు. రుచి చూసుడే."

"రుచి చూసిన మొకమా అది? ఖరం చెప్పు, ఏమైంది?"

ఖరం అంటే నిజం. అమ్మ మరాఠీలో అడిగిందంటే తప్పించుకోవడం కుదరదు. చెప్పాను. గంట లెక్కన అన్న మాట దగ్గర నేను ఆపేస్తే, "పూర చెప్పు" అంది. పూర్తిగా చెప్పాను. అమ్మ పిండి పిసుకుతూనే అడిగింది.

"నువ్వు గూడ నవ్వినవా?"

"నవ్విన."

"గది తప్పు." చేతికంటిన పిండి దులుపుకుంది. "యాదిల వెట్టుకో. ఆగమాగం గాకు. తొందరవడితే మనమే పాగల్ అయితం."

అమ్మ ఊరికే అన్న మాట కాదు. ఎప్పుడో నల్లా వరసలో తన బిందె పక్కకి తోసిన పక్కగది ఆమెతో అమ్మ పందొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. ఒకే వరండా, ఒకే నల్లా, గోడకి గోడ. ఆమె కూతురి పెళ్ళికి వెళ్ళి పెళ్ళికూతురికి పసుపు రాసి, అక్షింతలు వేసి, ఆమెతో మాత్రం ఒక్క మాట ఆడకుండా తిరిగొచ్చింది. నేను ఆ కడుపున పుట్టాను.

సోమవారానికి ల్యాబులో నా పేరు గల్లీ మేడమ్ అయింది. పిలిచేవాళ్ళు ప్రేమగానే పిలిచేవాళ్ళు, అదింకా నరకం. రెండు వారాల తర్వాత అతను నన్ను గదికి పిలిచి, "క్లయింట్లు ఎక్కడుంటావని అడిగితే ముంబై సెంట్రల్ అని చెప్పు. అబద్ధం కాదు కదా, పక్కనే" అన్నాడు. ఆ నెలలోనే క్లయింట్లతో మళ్ళీ అదే బార్‌కి వెళ్ళారు. నన్ను తీసుకెళ్ళలేదు. వెళ్ళిన అమ్మాయి మర్నాడు మెచ్చుకుంటూ చెప్పింది: "సార్ ఏం చెప్పారో తెలుసా? కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద నీళ్ళు చల్లిన వాసన అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు."

నేను కాగితపు పట్టీలు సర్దుతూ ఉండిపోయాను. నన్ను తిట్టిన నోటితోనే నా మాట ఎత్తుకుపోయాడు.

వెన్న ఎసెన్సులో ఒక ఆమ్లం బొట్టుమాత్రం వేస్తాం. బొట్టుగా ఉంటే వెన్న, ఎక్కువైతే పులిసిన వాంతి కంపు. ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం ఆ సీసా చెయ్యిజారి పగిలింది. ముక్కులు మూసుకుని అందరం బయటికి పరుగెత్తాం. ఒకమ్మాయి మెట్ల మీదే డోక్కుంది. అప్పుడే అతను భోజనం చేసి పక్క తలుపు గుండా ల్యాబులోకి వచ్చాడు. ల్యాబు అద్దాల గోడలోంచి చూస్తున్నాను. టీ కప్పు చేతిలో ఉంది. ఒక గుక్క తాగాడు. బల్ల మీది కాగితాలు తిప్పాడు. కింద పగిలిన సీసాని ఇంకా చూడలేదు. ఇంకో గుక్క తాగాడు. తర్వాత తలెత్తి అద్దం అవతల మమ్మల్ని చూసి, "ఏమైంది, అందరూ బయట ఉన్నారేంటి?" అన్నాడు.

పక్కనున్నవాళ్ళు కంపుతో సతమతమవుతున్నారు, ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. జబ్బు అతని ముక్కుని తీసుకుపోయింది. తిరిగి రాలేదు. ప్రతిసారీ "ముందు మీరు చెప్పండి" అని ఎందుకంటాడో, మా మాటలన్నీ విని చివర తన మాటగా ఎందుకు చెబుతాడో, నన్ను ఆ రోజు ఎందుకు నవ్వులపాలు చేశాడో కూడా అప్పుడే అర్థమైంది. ముక్కున్నదాన్ని చూసి ముక్కు లేనివాడు భయపడ్డాడు.

ఆ సాయంత్రం నేను బస్సెక్కలేదు. వర్లి నుంచి కామాటిపుర దాకా నడిచాను. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

వెంటనే చెబితే ఏమవుతుంది? గదిలో పిలిచి మాట్లాడతారు. మెల్లగా సర్దుతారు. పాపం అంటారు. నాకు పాపం అక్కర్లేదు. నన్ను ఎక్కడ నిలబెట్టి నవ్వించాడో అక్కడే, గ్లాసు చేతిలో ఉండగా, అందరి ముందూ కావాలి.

శనివారాలు మాకు సగం రోజే. నాలుగింటికి బార్ తెరిచే వేళకి ఒక్కదాన్నే వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ వేళకి ఎవరూ ఉండరు. కౌంటర్ ఆమెని తాయీ అని పిలిచేదాన్ని, అక్కా అన్నట్టు. ఆమె నన్ను మర్చిపోలేదు. "చునా-వాలీ ఆలీ" అని నవ్వింది. సున్నం అమ్మాయి వచ్చిందని. వారానికి ఒకటో రెండో గ్లాసులు. గ్లాసు గాలిలో తిప్పబోతే ఆపి, "బల్ల మీద ఆనించి తిప్పు, లేకపోతే నీ డ్రెస్సే తాగుతుంది" అంది. నాసిక్ వైపు ఎర్ర వైన్‌లో నాకు మా చాల్ కింద బ్యాగుల కార్ఖానా వాసన వచ్చింది, తోలూ జిగురూ కలిసినట్టు. ఇంకోదానిలో నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు. తియ్యటి తెల్ల వైన్ ఒకటి ఎండబెట్టిన ఇప్పపువ్వులా ఉంటే, ఆ మాట మరాఠీలో ఏమంటారో తెలియక చేతులు తిప్పి చెప్పాను. ఆమె నా మాటలు ఒక చిన్న పుస్తకంలో రాసుకునేది. "వీళ్ళంతా పుస్తకాల్లో చదివినవి చెబుతారు. నువ్వు చూసినవి చెబుతావు" అనేది. ఆమె నాకు నిజంగా నేర్పింది. నేను కూడా నిజంగానే నేర్చుకున్నాను. కానీ ప్రతి గుక్క వెనకా నాకు అతని మొహమే కనబడేదని ఆమెకి చెప్పలేదు.

ఒక శనివారం ఆమె కొత్త సీసా బిరడా తీసి, వాసన చూసి, మొహం తిప్పుకుంది. "గేలీ" అంది. పోయిందని. నా ముక్కు దగ్గర పెట్టింది. వర్షాకాలంలో మెట్ల కింద తడిసి, ఆరక, మురిగిన గోనెసంచి.

"బిరడా పాడైతే ఇలా అవుతుంది. తాగితే ఒంటికి ఏమీ కాదు. వైన్ చచ్చిపోయిందంతే" అంది.

"రంగులో తెలియదా?"

"తెలియదు."

"నాలుకకి?"

"అంతగా తెలియదు. ముక్కు చెప్పాల్సిందే."

ఆ సీసాకి బిరడా పెట్టి, మీద సుద్దతో అడ్డగీత గీసి, అమ్మినవాళ్ళకి తిప్పి పంపడానికి కౌంటర్ కింద అరలో పెట్టింది. నేను ఆ అరని చూస్తూ గ్లాసు ఖాళీ చేశాను. ఏం చెయ్యాలో నాకు అప్పుడే తెలిసిపోయింది.

జూలైలో పెద్ద క్లయింట్లు వచ్చారు. ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచులు చూసే విభాగానికి పెద్దగా ఉన్న ఆవిడ, ఆమెతో నలుగురు. మా కంపెనీ యజమాని, డెబ్బై ఏళ్ళ పెద్దావిడ, తానూ వస్తానంది. సాయంత్రం అయిదింటికి అదే బార్, ఆరు గ్లాసుల రుచి. అతను నన్ను పిలిచి, "గల్లీ మేడమ్, మీరు ముందుగా వెళ్ళి తాయీకి సాయం చెయ్యండి. గ్లాసుల్లో మీరే పొయ్యండి. అలవాటేగా" అన్నాడు.

ఆ చివరి మాట అనకపోయి ఉంటే నా చెయ్యి వెనక్కి తగ్గేదేమో అని అప్పుడప్పుడూ అనుకుంటాను. తగ్గేది కాదు. అతనికి ఆ మాత్రం వెసులుబాటు కూడా ఇవ్వదలచుకోలేదు.

మూడున్నరకే వెళ్ళాను. తాయీ ఆరు సీసాలూ తెరిచి, ఒక్కొక్కటీ వాసన చూసి, వరసలో పెట్టి, గ్లాసులు తుడవడానికి వెనకగదిలోకి వెళ్ళింది. కింద అరలో సుద్ద గీత ఉన్న సీసాలు రెండున్నాయి. అయిదో సీసా రకమే ఒకటి. చున్నీతో సుద్ద తుడిచాను. మంచిదాన్ని అరలోకి, చచ్చినదాన్ని వరసలోకి మార్చాను. 

మొదటి నాలుగు గ్లాసులూ అతను బాగా నడిపించాడు. జాబితా కంఠతా పట్టి వచ్చాడు. ముందు అందరినీ అడగడం, విన్నదానికి నాలుగు అందమైన మాటలు చేర్చడం. పెద్దావిడ మురిసిపోతోంది. బయట వాన జోరుగా కురుస్తోంది.

తాయీ వాడిన గ్లాసులతో వెనకగదిలోకి వెళ్ళగానే, అయిదో సీసా పట్టుకుని ముందు అతని గ్లాసులోనే పోశాను. మిగతా గ్లాసులు ఖాళీగా ఉన్నాయి.

"ఇది ముందు మీరు చెప్పండి సార్. అందరూ మీ నోటి నుంచే వినాలని చూస్తున్నారు" అన్నాను.

"అవునవును" అంది పెద్దావిడ.

అతను ఒక్క క్షణం నన్ను చూశాడు. గ్లాసు తిప్పాడు. కళ్ళు మూసుకుని లోతుగా పీల్చాడు. "ఆహా. గులాబీ రేకులు. ఎండలో కొద్దిగా వాడిన గులాబీలు. తర్వాత నేరేడు. అన్నిటికీ చివర, దూరంగా, లవంగం." ఒక గుక్క తాగి, "ఈ సాయంత్రానికి ఇదే రాణి" అన్నాడు.

అప్పుడు మిగతావాళ్ళకి పోశాను. నింపాదిగా, ఒక్కొక్కరికీ.

బిస్కెట్ల ఆవిడ గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి వెంటనే కిందపెట్టింది. ఆమె పక్కనున్నాయన దగ్గాడు. పెద్దావిడ ఒకసారి చూసి, నమ్మలేక మళ్ళీ చూసింది.

"ఇది పాడైపోయింది కదా" అంది బిస్కెట్ల ఆవిడ.

"ఏది?" అన్నాడు అతను.

"ఇదే. మీ రాణి."

అతను గ్లాసు ఎత్తి మళ్ళీ పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను. ఆవిడ చెప్పింది నిజమో కాదో అతనికి తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. చీకటి గదిలో గోడ కోసం తడుముకునేవాడిలా ఉన్నాడు. "కొందరికి అలా అనిపించవచ్చు" అన్నాడు.

"అనిపించడం కాదండీ, గది అంతా కొడుతోంది."

పెద్దావిడ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా."

"తడిసి మురిగిన గోనెసంచి మేడమ్. గులాబీ లేదు, నేరేడూ లేదు."

అక్కడ ఆగొచ్చు. పని అయిపోయింది. కానీ నేను ఆగలేదు. "సార్‌కి జబ్బు చేసినప్పటి నుంచీ ఏ వాసనా తెలియదు మేడమ్. మమ్మల్ని ముందు అడిగి, మేం చెప్పింది చెబుతారు. సున్నం గోడ మాట నాది. నేనుండేది ముంబై సెంట్రల్ కాదు, కామాటిపుర. ఆ మాట అక్కడి నుంచి తెచ్చాను."

ఎవరూ నవ్వలేదు. అతను ఒక్కడే నవ్వాడు. నోరు తన మాట వినకుండా నవ్వే ఆ నవ్వు నాకు బాగా తెలుసు. కడుపు నిండా చూశాను.

వారం తిరక్కుండా పెద్దావిడ అతన్ని కూర్చోబెట్టి పరీక్ష పెట్టింది. మూడేసి కాగితపు పట్టీలు, రెండు ఒకటే, ఒకటి వేరు, వేరేది ఏదో చెప్పాలి. అతను ఒక్క వరస చూసి, రెండోది ముట్టుకోకుండా లేచిపోయాడట. నెలాఖరుకి ఉద్యోగం మానేశాడు. ప్యానెల్‌లో ఆ కుర్చీ నాకిచ్చారు.

సామాను తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు నా బల్ల దగ్గర ఆగాడు.

"తిండి అట్టముక్కలా ఉంటుంది. ఇంట్లో గ్యాస్ వదిలేసినా తెలియదు. నా ఒళ్ళు వాసనేస్తోందేమోనని రోజుకి మూడుసార్లు స్నానం చేస్తాను" అన్నాడు. గొంతు అప్పుడూ లేవలేదు. "ఈ పని తప్ప నాకేం వచ్చు? నువ్వు నాతో విడిగా ఒక మాట చెప్పి ఉండొచ్చు."

"మీరు కూడా ఆ రోజు నన్ను విడిగా అని ఉండొచ్చు."

"ఏ రోజు?"

చెప్పాను. అతను నుదురు ముడిచి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "అదా? అది జోక్ కదా" అన్నాడు.

జాలి ఏదైనా నాలో అప్పుడే లేవబోతుంటే, అది అక్కడే చచ్చింది.

నేను లెక్కలోకి తీసుకోనిది తాయీని. ఆ అయిదో గ్లాసు తర్వాత వచ్చిన శనివారమే బార్‌కి వెళ్తే కౌంటర్ వెనక వేరే మనిషి ఉన్నాడు. ఆమె వెనకగదిలో గ్లాసులు కడుగుతోంది. పాడైన సీసా అతిథుల ముందు పెట్టిందని బార్ యజమాని అందరి ముందూ తిట్టి కౌంటర్ నుంచి తీసేశాడు. ఆమె ప్రతి సీసా చూశానని చెప్పింది. ఆయన నమ్మలేదు. నేను ఆయన దగ్గరికి వెళ్ళి, మార్చింది నేనని, ఎందుకు మార్చానో కూడా చెప్పాను. ఆయన ఆమెని తిరిగి కౌంటర్ దగ్గరికి పిలిచాడు. నన్ను మళ్ళీ ఆ గడప తొక్కొద్దన్నాడు. న్యాయమే.

బయటికి వస్తుంటే తాయీ తలుపు దాకా వచ్చింది. తడిచేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంటోంది.

"నీ కోపం సరే. నా చెయ్యి ఎందుకు వాడుకున్నావు?" అంది. "నేను వాసన చూసి పోశానంటే చూసినట్టే. నాకున్నది ఆ నమ్మకం ఒక్కటే. దాన్ని నువ్వు నీ గొడవలో పడేశావు."

 క్షమించమన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పాను. అతని మొహం ఎలా పోయిందో చెబుతుంటే అమ్మ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని విన్నది. గులాబీ రేకుల దగ్గర మోకాలి మీద కొట్టుకుని నవ్వింది. తాయీ సంగతి చెప్పగానే నవ్వు ఆగిపోయింది.

"గామె పేరు గంగల గలిపినవ్ గదనే. గామె నీకేం జేసింది?"

"మాఫీ అడిగిన."

"ఒకపారి అడిగితె సాలా? చల్, నేనొస్త."

ఆ మంగళవారం అమ్మ పట్టుబట్టి నాతో వచ్చింది. గడప తొక్కకూడదు కాబట్టి మూడున్నర నుంచీ రోడ్డుకి అవతల, మందుల దుకాణం చూరు కింద నిలబడ్డాం. తాళం తీయడానికి తాయీ రాగానే అమ్మ రోడ్డు దాటి వెళ్ళింది. తనకొచ్చిన మరాఠీలో, మధ్యమధ్య తెలుగు పడుతుంటే, "పోరీచీ చూక్ ఝాలీ. నా పిల్ల తప్పు చేసింది. నీ మీదికి తెచ్చింది. తల్లిని, నేనడుగుతున్న" అంది. రెండు చేతులూ జోడించింది. అమ్మ ఎవరికీ చేతులు జోడించడం నేనెప్పుడూ చూడలేదు.

తాయీ అమ్మ చేతులు పట్టుకుని కిందికి దించింది. "తుమ్హీ నకో" అంది. మీరొద్దమ్మా, అని. నా వైపు మాత్రం చూడలేదు. తాళం తీసి, షట్టర్ లేపి, లోపలికి వెళ్ళి, నల్లబోర్డు తుడవడం మొదలుపెట్టింది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు సగం దూరం వచ్చాక అడిగింది.

"ఆనికి గూడ అడుగుతవా మాఫీ?"

"అడగ."

అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని బయటికి చూస్తూ కూర్చుంది. ఇది జరిగి ఏడాది దాటింది. తాయీ కోసం ఇంకా రెండుసార్లు ఆ చూరు కింద నిలబడ్డాను. అతని ఫోన్ నంబర్ నా దగ్గరుంది. చెయ్యలేదు.